ఇల్లడ, వజీఫా, భవిష్యనిధి: నాందేడు తెలుగు కుటుంబముల ముదిమి సొమ్ము కథ

నాందేడులోని తెలుగు కుటుంబములను గూర్చి యిట్టి సంచికలలో వ్రాయువారు గుడులను గూర్చియు, బతుకమ్మ పండుగను గూర్చియు, గోదావరి పుష్కరములను గూర్చియు వ్రాయుట పరిపాటి. అవి వ్రాయదగినవే. కాని పరభాషా ప్రాంతమున ఒక కుటుంబము మూడు నాలుగు తరములు నిలదొక్కుకొన్నదనగా దాని వెనుక ఏదో యొక పొదుపు పద్ధతి యుండి తీరవలెను. ముదిమిలో కూడు పెట్టవలసిన సొమ్మును మన పెద్దలు ఎవరి చేతిలో నుంచిరి? ఆ సొమ్ముపై ఆ చేతికి ఎంత యధికారమిచ్చిరి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెదకుటయే మా యుద్దేశము. నేడు మన యిండ్లలో యువకులు రిటైర్మెంటు ఖాతాలనియు, పోర్ట్‌ఫోలియో మేనేజరులనియు మాటలాడుచుండగా పెద్దలు తమకు సంబంధింపని విషయమని లేచి పోవుచున్నారు. నిజమునకు ఆ రెండును పెద్దలెరిగినవే. పేర్లు మాత్రమే క్రొత్తవి.

మన గోదావరి వెంట పడమరకు పోయినచో నాసిక్ చేరుదుము. అచ్చటి పాండవలేణి గుహలలో పదవదానియందు, క్షత్రపుడైన నహపానుని అల్లుడు ఉషవదాతుడు వేయించిన శాసనమొకటి కలదు. క్రీస్తు శకము తొలి శతాబ్దములనాటిది. అతడు గుహలో నివసించు భిక్షువులకై 3,000 కార్షాపణములు అక్షయనీవిగా నిచ్చి, వానిని గోవర్ధనమను ఊరిలోని సాలె శ్రేణుల వద్ద నుంచెను. ఒక శ్రేణి వద్ద 2,000, నెలకు నూటికొకటి వడ్డీ. మఱియొక శ్రేణి వద్ద 1,000, నెలకు నూటికి ముక్కాలు వడ్డీ. అసలు ఎన్నటికిని తిరిగి చెల్లింపవలసినది కాదు, వడ్డీ మాత్రమే అనుభవింపవలసినది అని షరతు. రెండు వేలమీద వచ్చు వడ్డీతో వర్షావాసము చేయు ఇరువది మంది భిక్షువులకు తలకు పండ్రెండేసి కార్షాపణములు బట్టలకు ఇయ్యవలెను. లెక్క చూడుడు: రెండు వేలకు నూటికొకటి చొప్పున నెలకు ఇరువది, ఏడాదికి రెండువందల నలుబది, ఇరువదిని పండ్రెండుతో గుణించినను అంతే. ఒక్క కాసు మిగులదు, ఒక్క కాసు తగ్గదు. ఈ యేర్పాటు నిగమ సభలో చదివి వినిపింపబడి, పలకమీద నమోదైనదని కూడ శాసనము చెప్పుచున్నది.

ఈ శాసనము చదివినప్పుడెల్ల మాకు రెండు సంగతులు తోచును. మన యిండ్లలో నేటికిని వడ్డీని ఏడాదికి నూటికింత యని చెప్పుకొనరు. నెలకు ‘నూటికి రూపాయి మిత్తి’ అనియే యందురు. ఆ కొలత గోదావరి యొడ్డున పందొమ్మిది వందల యేండ్లకు తక్కువ కాని పాతదన్నమాట. రెండవది, ఆ కాలమున సాలె శ్రేణి యనునది నేతగాండ్ర గుంపు మాత్రమే గాక, ఇతరులు నమ్మి సొమ్ము దాచుకొను స్థలము కూడ నయియుండెను. నాందేడులోని మన పద్మశాలి సోదరులు ఈ మాట విని కొంత గర్వపడినను తప్పు లేదు.

అక్షయనీవిలో అసలుకు తాళమున్నది. సొమ్మిచ్చిన దాతయే వచ్చి యడిగినను అది తెరచుకొనదు. ఇది యొక పద్ధతి. రెండవ పద్ధతికి మన భాషలో చక్కని పాతమాట యున్నది: ఇల్లడ. ఒకని సొమ్మును మఱియొకని యింట దాచుట. హైదరాబాదు రాజ్యపు వాడుకలో దానిని అమానతు అనిరి. మరాఠీలో ఠేవ్ అందురు. దీనిని గూర్చిన ధర్మశాస్త్రము యాజ్ఞవల్క్య స్మృతిలో నున్నది. దానికి మితాక్షరమను వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కల్యాణిలో నుండినవాడు. ఆ కల్యాణి మనకు దూరదేశము కాదు. మన పొరుగున బీదరు జిల్లాలోని బసవకల్యాణమే. పదమూడవ శతాబ్దమున కేతన యా ధర్మమును ‘విజ్ఞానేశ్వరీయము’ అను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను.

ఆ స్మృతి చెప్పు న్యాయము సూటియైనది. పెట్టెలో పెట్టి, లోపల నేమున్నదో చెప్పక, ఒకని చేతికిచ్చిన సొమ్మును అతడు ఉన్నది ఉన్నట్లే తిరిగి యియ్యవలెను. రాజువలనగాని, దైవవశమునగాని, దొంగలవలనగాని పోయినచో అతనిది తప్పు గాదు. అడిగినప్పుడీయక జాగు చేయగా తరువాత పోయినచో దాని వెలయు, అంత దండుగయు నిచ్చుకొనవలెను. తన యిష్టానుసారము వాడుకొని బ్రతికినచో దండనకు పాత్రుడగుటయే గాక, లాభముతో సహా తిరిగి యియ్యవలెను. ఇక్కడ గమనింపవలసినది స్వేచ్ఛ యను భావము. ఇల్లడ పుచ్చుకొన్నవానికి కాపలా యధికారమే తప్ప స్వేచ్ఛాధికారము లేదు. అది కావలెనన్నచో సొమ్ముగలవాడు వేరుగా ఇయ్యవలెను. నేటి పోర్ట్‌ఫోలియో వ్యవహారమంతయు ఈ ఒక్క గీత చుట్టును తిరుగుచున్నది.

ఇక నిజాము కాలమునకు వత్తము. ప్రభుత్వోద్యోగికి ముదిమి భయము తక్కువ. అతనికి వజీఫా యుండెను. పింఛను పుచ్చుకొనువానిని వజీఫాయాబ్ అని గౌరవముగా పిలిచెడివారు. సంబంధములు చూచునప్పుడు ఆ మాటకు విలువ యుండెను. 1907లో నిజాము ప్రభుత్వము ఉద్యోగుల కుటుంబముల రక్షణకు బీమా నిధి నొకటి కూడ నెలకొల్పెను. తెలంగాణములోను ఆంధ్రప్రదేశములోను ప్రభుత్వోద్యోగుల జీతమునుండి జీవిత బీమా కొరకు సొమ్ము పట్టుకొను శాఖలు దాని సంతతియే. కాని మనవారిలో సర్కారీ నౌకరీ చేసినవారెందరు? మగ్గముపై నేసినవారు, కిరాణా కొట్టు నడపినవారు, ప్రత్తి వ్యాపారములో గుమాస్తాలుగా నుండినవారు, దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కుండల్వాడి వైపు సేద్యము చేసినవారు ఎక్కువ. వారికి వజీఫా లేదు. వారు మిగిల్చినదానిని బంగారముగా మార్చిరి. లేదా ఒక షావుకారు వద్ద అమానతుగా నుంచిరి. షావుకారు ఖాతా పుస్తకమే సాక్ష్యము. ఆ షావుకారు ఆ సొమ్మును తన లేవాదేవీలో త్రిప్పుకొనునని అందరికి తెలియును, కాని ఎవరును ఆ మాట కాగితముమీద పెట్టలేదు. స్మృతి దండన విధించిన పనియే వాడుకలో మర్యాదగా సాగిపోయెను. చాలమంది షావుకార్లు మాట తప్పలేదనుట న్యాయము. తప్పినవారి సంగతి చెప్పుటకు దస్తావేజు లేదు గనుక చరిత్రలో వారి పేర్లును లేవు.

సొమ్ము తన స్థలమున తానుండగానే అంకె తగ్గు విచిత్రమును కూడ మన పెద్దలు చూచిరి. 1950లో భారత రూపాయి హైదరాబాదు రాష్ట్రమున ప్రవేశపెట్టబడినప్పుడు ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు అను లెక్క యమలులోనుండెను. ఏడువందలు దాచుకొన్న ముసలమ్మకు ఆరువందలని చెప్పినచో ఆమె నమ్మునా? నష్టమేమియు లేదని ఎంత చెప్పినను ‘నా నూరు రూపాయలేవి?’ అనియే యడుగును. ఇట్టి కథ మన యిండ్లలో ఒకటి కాదు, పెక్కు కలవు.

అసలైన మార్పు 1952లో వచ్చెను. ఆ సంవత్సరపు ఉద్యోగుల భవిష్యనిధి చట్టము మొదట ఆరు పరిశ్రమలకే వర్తించెను: సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు వస్తువులు, ఇనుము ఉక్కు, కాగితము, బట్టల మిల్లులు. బట్టల మిల్లులు మొదటి జాబితాలోనే యుండుట మన యూరికి కలిసివచ్చినది. నాందేడులో నిజాము కాలమునాటి ఉస్మాన్‌షాహీ మిల్లుండెను. మన పద్మశాలీలలో కొందరు చేమగ్గము విడిచి ఆ మిల్లు మగ్గమునకు పోయినవారు. కార్మికుని జీతమునుండి నూటికి ఆరుంబావు పట్టి, యజమాని మఱియొక ఆరుంబావు కలిపి జమ చేయవలెనని నియమము. ఆరుంబావు ఏమి లెక్క యని నేటి యువకులడుగుదురు. రూపాయికి పదునారణాలున్న రోజులలో అది సరిగా రూపాయికి అణా. చదువురాని కార్మికుడు కూడ వ్రేళ్ళమీద లెక్కించుకొనగల లెక్క. తరువాత అది పెరిగి పెరిగి నూటికి పండ్రెండైనది.

ఆ అణా పట్టుకొనుట కార్మికులకు మొదట నచ్చలేదు. చేతికి వచ్చు జీతము తగ్గినదని సణిగిరి. కాని ఆ చట్టములో నొక రత్నమున్నది: నిధిలోని సొమ్మును అప్పులవారు కోర్టు ద్వారా గూడ జప్తు చేయించలేరు. ప్రభుత్వోద్యోగుల నిధులకు 1925 నాటి చట్టము ముందే ఇట్టి కవచమిచ్చెను. ఇప్పుడది మిల్లు కూలివానికి కూడ లభించినది. మనవారి యిండ్లలో పెండ్లికి, చావుకు అప్పు తప్పనిది. బంగారము తాకట్టుకు పోవును, ఇల్లు తాకట్టుకు పోవును. ఈ యొక్క సొమ్ము పోలేదు. ఇండ్లు నిలబడినదెట్లో చూపు లెక్కలు మావద్ద లేవుగాని, రెండవ తరమున పిల్లలు కాలేజీ మెట్లెక్కిన యిండ్లలో మేమెరిగినంతవరకు ఈ సొమ్ము జాడ కనబడుచునే యున్నది.

అయితే తాళము పదవీ విరమణ దినమున తెరచుకొనును. ముప్పది యేండ్లు ఎవరికి చిక్కని సొమ్ము ఒక్కసారిగా చేతిలో పడును. మేమెరిగిన యొక కార్మికుడు ఆ మొత్తమంతయు తెలిసిన పెద్దమనిషి చేతిలో పెట్టెను. నూటికి రెండు రూపాయల మిత్తి. ఎక్కడ పెట్టుబడి పెట్టవలెనో ఆయన యిష్టము. కాగితము లేదు, ఉన్నది పరిచయము. ఎనిమిది నెలలు మిత్తి ఠంచనుగా వచ్చినది. తొమ్మిదవ నెల ఆ యింటికి బీగము కనబడినది. అదే మిల్లులో పనిచేసిన మఱియొకరికి 1995 నాటి పింఛను పథకము క్రింద వచ్చునది అతి స్వల్పము. దానిని చూచి ఇరుగుపొరుగువారు నవ్వెడివారు. 2014లో కనీస పింఛను నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయింపబడినదనగా అంతకు ముందు కొందరికెంత వచ్చుచుండెనో ఊహించుకొనవచ్చును. అయినను ఆయన మరణానంతరము ఆయన భార్యకు ఆ స్వల్పమే నెలనెలా వచ్చినది. ఏలయన, దానిని ఆయన ఎవరికిని ఒప్పగింపలేకపోయెను.

నాందేడు విడిచి హైదరాబాదు మీదుగా అమెరికా చేరిన మన బిడ్డలు వ్రాయు ఐ.ఆర్.ఏ. అనునది ఈ తాళముల వంశములోనిదే. 1963 డిసెంబరులో ఇండియానా రాష్ట్రమున సౌత్ బెండ్‌లోని స్టూడిబేకరు మోటారు కార్ఖానా మూతపడగా, ముదిమికి చేరువలోనున్న నాలుగువేల మందికి పైగా కార్మికులకు రావలసిన పింఛనులో నూటికి పదునైదు వంతులే దక్కెను. అంతకంటె చిన్నవారికి అదియును లేదు. ఆ గాయము తరువాత పదునొకండేండ్లకు, 1974లో, అమెరికా ప్రభుత్వము పింఛనుల చట్టము చేసెను. పనిచేయుచోట పింఛను లేనివాడు ఏటా 1,500 డాలర్లకు మించకుండ తన పేర తానే దాచుకొను వ్యక్తిగత ఖాతా ఆ చట్టము తెచ్చినదే. యాబదితొమ్మిదిన్నర యేండ్లు నిండకముందు తీసినచో పన్నుతోబాటు సాధారణముగా నూటికి పది దండుగ. 1997లో వచ్చిన రాత్ ఖాతాలో పన్ను ముందే కట్టి వేయుదురు. నియమములకు లోబడి తీసినప్పుడు పన్ను లేదు. మన దేశమున 1968 నాటి పబ్లిక్ ప్రావిడెంటు ఫండు పదునైదేండ్ల తాళము. 2004 నుండి క్రొత్తగా చేరిన కేంద్రోద్యోగులకును, 2009 నుండి పౌరులందరికిని వచ్చిన నూతన పింఛను పథకము మఱియొకటి.

ఇచ్చట యువకులు సామాన్యముగా పొరబడు చోటొకటి కలదు. విశ్రాంతి ఖాతా, స్వేచ్ఛాధికారపు ఖాతా అనునవి ఒకదానికొకటి బదులుగా ఎన్నుకొనవలసినవని తలచుచున్నారు. అట్లు కాదు. మొదటిది తాళమును గూర్చిన మాట: సొమ్ము ఎప్పుడు బయటికి రావచ్చును, పన్నెట్లు పడును. రెండవది చేతిని గూర్చిన మాట: లోపలి సొమ్ముతో ఏ వాటా కొనవలెను, ఏది అమ్మవలెను అనునది ఎవరు నిర్ణయింతురు. అమెరికాలోని బిడ్డ తన ఐ.ఆర్.ఏ.ను తానే చూచుకొనవచ్చును. ప్రతి కొనుగోలుకు తన్నడిగి చేయు సలహాదారునికీయవచ్చును. అడుగక చేయు స్వేచ్ఛాధికారము నీయవచ్చును. తాళమొకటే, చేతులు మూడు. మన పింఛను పథకములో కూడ వాటాల పాలును చందాదారు తానే నిర్ణయించుకొనవచ్చును, లేదా వయస్సుతోబాటు ఆ పాలు తనంతట తాను తగ్గు పట్టికకు వదలవచ్చును. పట్టిక స్వేచ్ఛ కాదు, నియమము.

స్వేచ్ఛాధికారమిచ్చిన చేతికి హద్దెక్కడ? మసాచుసెట్స్ న్యాయస్థానము 1830లో, హార్వర్డు కళాశాలకు అమోరీ యను ధర్మకర్తకు నడుమ వచ్చిన వ్యాజ్యములో ఒక కొలత నిర్ణయించెను: వివేకవంతుడు తన సొంత సొమ్మును శాశ్వతముగా కాపాడుకొన దలచి ఎట్లు నడపునో అట్లు నడపవలెను, అట్లు నడపిన పిమ్మట ధర పడిపోయినచో ధర్మకర్త దోషి కాడు. దైవవశమున పోయినచో తప్పు లేదన్న యాజ్ఞవల్క్యునికి ఇది దూరపు చుట్టమువలె నున్నది. మన దేశమున సెబీ 1993లో పోర్ట్‌ఫోలియో మేనేజరులకు నియమములు చేసి, 2020లో వానిని తిరుగ వ్రాసెను. అడిగి చేయువాడు, అడుగక చేయువాడు అని అందులో రెండు తెగలు. ఎవడైనను వ్రాతపూర్వకమైన ఒప్పందము లేనిదే సొమ్ము ముట్టరాదు. ఇంత లాభము వచ్చునని హామీ యియ్యరాదు. మూడు నెలలకొకసారియైనను లెక్క చెప్పవలెను. 50 లక్షలకు తక్కువ సొమ్ము పుచ్చుకొనరాదు. ఈ చివరి నియమము మనలో చాలమందిని గుమ్మము వెలుపలనే నిలుపును; అది మంచికే యని మా అభిప్రాయము. తక్కువ సొమ్ముకు కూడ ‘మీ ఖాతా మేము నడిపెదము’ అని ఫోను చేయువాడెవడో, ఏ నమోదు క్రింద చేయుచున్నాడో ఈ ఒక్క అంకెతోనే అడిగి తెలిసికొనవచ్చును.

నిజాము కాలమున ముఖ్తార్‌నామాలు రెండు విధములు: ఒక పనికి మాత్రమే ఇచ్చునది ఖాస్, అన్నిటికి నిచ్చునది ఆమ్. పెద్దలు ఆమ్ ముఖ్తార్‌నామాపై సంతకము చేయుటకు రెండు రాత్రులు నిద్ర పట్టక ఆలోచించెడివారు. ఇప్పుడు ఖాతా తెరచునప్పుడు ఇరువది కాగితములలో అదియు నొకటిగా కలసిపోవును. దీని ఫలితము 2019 నవంబరులో తెలుగు గడ్డమీదనే బయటపడెను. హైదరాబాదు కేంద్రముగా నుండిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ సంస్థ, ఖాతాదారులిచ్చిన ముఖ్తారు అధికారమును ఆసరా చేసికొని, వారి వాటాలను తన యప్పులకు తాకట్టు పెట్టినదని సెబీ యుత్తరువులు తేల్చినవి. ఇచ్చట ఖాతాదారులు పెట్టుబడిపై స్వేచ్ఛాధికారము నిచ్చినవారు కారు. వాటాలు చేతులు మార్చుటకు మాత్రమే అధికారమిచ్చినవారు. స్మృతి చెప్పిన గీత దాటినదక్కడనే.

ఇంతవరకు చెప్పినది దేశమంతటికి వర్తించును. ఇక మన చిక్కు వేరు. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము మూడు ముక్కలైనప్పుడు నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రమున చేరెను. ముధోలు, భైంసా, కుబీరు, బిచ్కుంద, జుక్కల్ భాగములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. ఆదిలాబాదునుండి కిన్వట్టు, ఇస్లాపురము ఇటు వచ్చినవి. ఒకే కుటుంబమున అన్న ఆంధ్రప్రదేశములోను, తమ్ముడు బొంబాయి రాష్ట్రములోను మిగిలిరి. దఫ్తరపు భాష ఉర్దూ నుండి మరాఠీకి మారెను. మనము ఇంటిపేరు ముందు వ్రాసి, పేరు తరువాత వ్రాయుదుము. మహారాష్ట్రమున తన పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. పాత కాగితమున ఒక విధముగాను, క్రొత్త కాగితమున మఱియొక విధముగాను ఉన్న పేర్లు ఒక్కని వేయని రుజువు చేయుటకు మా బంధువర్గములోనే ఒక వితంతువు రెండేండ్లు ఒక కార్యాలయము చుట్టు తిరిగినది. సొమ్ము భద్రముగానే యున్నది. ఆమె పేరే అందులో భద్రముగా లేదు. నామినేషను వ్రాసినంతనే యాస్తి వారిదగునని తలచుటయు పొరపాటు. బీమా విషయమున 1984లోను, వాటాల విషయమున 2023లోను సుప్రీంకోర్టు, నామినీ సొమ్ము పుచ్చుకొనువాడే గాని వారసులను త్రోసివేయువాడు కాడని చెప్పెను. భవిష్యనిధిలో మాత్రము కుటుంబమున్నవాడు కుటుంబములోని వారినే వ్రాయవలెను. ఆ నియమము చేసినవాడెవడో మన యిండ్లను ఎరిగినవాడే యనిపించును.

మావద్ద ఒక వజీఫాయాబ్ వృద్ధుని యినుప పెట్టెలోని కాగితములు కొన్ని యున్నవి. వజీఫా ఉత్తరువు ఉర్దూలో, బ్యాంకు పుస్తకము ఆంగ్లములో. తరువాతి అర్జీలు మరాఠీలో. ఆ బ్యాంకు హైదరాబాదు స్టేటు బ్యాంకుగా పుట్టి, 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయి, 2017లో పెద్ద స్టేటు బ్యాంకులో కలసిపోయినది. తెలుగున్నది ఒక్కచోటనే. ఉర్దూ ఉత్తరువు వెనుక వైపు పెన్సిలుతో, హాలీ నుండి కల్దారుకు మార్చిన లెక్కయు, దాని క్రింద ఎవరికెంత ఇయ్యవలెనో భార్య పేరు, ముగ్గురు బిడ్డల పేర్లు, చివర ‘ఇంటిపేరు ముందు వ్రాయవద్దు, ఇక్కడివారు త్రిప్పి చదువుదురు’ అను ఒక్క వాక్యమును.